పేరులేని పుస్తకము – పదునైదుగురు దోషులు

1940 జూలై నెల మొదటివారమున లండను వీథులలో ఒక వింత వ్యాపారము సాగెను. తోపుడుబండ్లపై ఒక చిన్న పుస్తకమును గుట్టలుగ పోసి అమ్మజొచ్చిరి. వెల రెండున్నర షిల్లింగులు. పేరు ‘గిల్టీ మెన్’, అనగా ‘దోషులు’. అట్టపై గ్రంథకర్త పేరు ‘కేటో’ అని యుండెను. ఆ కేటో యెవరో కొన్నవారికి తెలియదు; అమ్మినవారికిని తెలియదు. ఊరూర శాఖలు గల డబ్ల్యు. హెచ్. స్మిత్ వంటి పుస్తక విక్రేతలు దానిని తమ దుకాణములలో నుంచుటకు నిరాకరించినందున అది బండ్ల నెక్కవలసివచ్చెను. వద్దన్నకొలది జనమునకు ఆసక్తి హెచ్చెను. ముద్రణ వెంట ముద్రణ వెలువడి, రెండు లక్షలకు పైగా ప్రతులు చెల్లిపోయెను.

ఆ పుస్తకము డంకర్కు సముద్రతీరమున మొదలగును. 1940 మే 26 మొదలు జూన్ 4 వరకు ఆ తీరమునుండి 3,38,226 మంది సైనికులను ఓడలపైనను, చేపలు పట్టు పడవలపైనను ఇంగ్లండు చేర్చిరి. మనుష్యులు దక్కిరి, సామగ్రి దక్కలేదు. 2,400కు పైగా ఫిరంగులు, 60,000కు పైగా వాహనములు ఫ్రాన్సు గడ్డపై మిగిలిపోయెను. పత్రికలు దీనిని విజయముగ వర్ణించుచుండగా కేటో వేరొక ప్రశ్న వేసెను: తలపై శత్రువిమానములు తిరుగుచుండ, తమ విమాన మొక్కటియు కానరాక, ఇసుకలో పడియున్న ఆ సైనికుని అచ్చటికి తెచ్చిన వారెవరు? ఓటమి సైనికునిది కాదు; యుద్ధము రానున్నదని లోకమెల్ల చెప్పుచున్నను వినక, ఆయుధములు సమకూర్పక, శత్రువు మాట నమ్మి కూర్చున్న మంత్రులది. ఇంతయే ఆ పుస్తకపు వాదము. దీనికై ఆయా మంత్రులు సభలలో పలికిన పలుకులనే ఏరి కూర్చి, వాని తరువాత జరిగిన సంగతిని ప్రక్కన నుంచెను. హిట్లరు బస్సు తప్పిపోయినాడని ప్రధానమంత్రి చేంబర్లేను 1940 ఏప్రిల్ 4వ తేదీన సభలో చెప్పెను. అయిదు దినములకు, 9వ తేదీన, హిట్లరు సేనలు నార్వేలో దిగెను. ఇటువంటి జంట సంగతులు చదివినవారికి వేరు వ్యాఖ్యానము అక్కరలేకపోయెను.

నార్వేలో కలిగిన భంగమే చేంబర్లేను పదవిని కదల్చెను. మే 7, 8 తేదీలలో కామన్సు సభలో జరిగిన వాదములో స్వపక్షమువారే ఆయనపై తిరుగబడిరి. రెండు వందలకు పైబడి యుండవలసిన ఆధిక్యము 81కి దిగెను. ఆ సభలో కఠినముగ మాటలాడినవారిలో లియో ఎమెరీ యొకడు. గోరఖపురమున జన్మించిన ఈయనయే కొలది దినములకు ఇండియా మంత్రి యగుట మన దేశపు చరిత్రలో వేరొక కథ. మే 10న చర్చిల్ ప్రధాని యయ్యెను. అయినను చేంబర్లేను, హాలిఫాక్సు ఇరువురును అయిదుగురే యున్న యుద్ధ మంత్రిమండలిలో నిలిచియే యుండిరి. దిగిపోయినవారు నిజముగ దిగిపోలేదన్న కోపమునుండి ఆ పుస్తకము పుట్టెను.

పేరు దాచి మంత్రులను నిలదీయుట ఆ దేశమునకు క్రొత్త కాదు. 1711 నవంబరులో జోనాథన్ స్విఫ్ట్ తన పేరు లేకుండ ఒక కరపత్రము వ్రాసి, స్పెయిను వారసత్వ యుద్ధమును పూర్వపు మంత్రులును సేనానియైన మార్ల్‌బరోయు తమ లాభమునకై సాగదీయుచున్నారని ఆరోపించెను. రెండు నెలలలో 11,000 ప్రతులు అమ్ముడుపోయెను. ఆ సంవత్సరాంతముననే మార్ల్‌బరో పదవి పోయెను. 1756లో మినార్కా ద్వీపము చేజారినపుడు మాత్రము కథ తారుమారయ్యెను. దోషము మంత్రులదని కొందరును, నౌకాసేనాని బింగుదని కొందరును పోటీపడి పత్రములు వేసిరి. మంత్రులు గట్టెక్కిరి. బింగును 1757 మార్చి 14న కాల్చి చంపిరి.

కేటో పేరు వెనుక ముగ్గురు పాత్రికేయులుండిరి. మైకేల్ ఫుట్, వయస్సు ఇరువదియారు; ‘ఈవెనింగ్ స్టాండర్డు’ సంపాదకుడు ఫ్రాంక్ ఓవెన్; పీటర్ హోవర్డు. ముగ్గురును లార్డ్ బీవర్‌బ్రూకు పత్రికలలో ఉద్యోగులు. డంకర్కునుండి పడవలు తిరిగివచ్చుచున్న దినములలోనే అధ్యాయములను పంచుకొని, నాలుగు రోజులలో పుస్తకమును ముగించిరి. విక్టర్ గొలాంజ్ దానిని ప్రకటించెను. జూలై 5 నాటికి అది బయటపడెను. పురాతన రోములో మురుగుకాలువలను శుభ్రము చేయించిన కేటో పేరు తమకు తగియున్నదని వారు భావించిరి. పుస్తకపు పేరు ఫ్రెంచి విప్లవకాలపు ఒక ఉదంతమునుండి తీసినది: సభలోనికి చొచ్చుకొనివచ్చిన జనులు ఉపన్యాసములు వలదు, దోషులను మాకప్పగింపుడని యడిగిరట.

వారు పేరు దాచుటకు కారణము ధర్మసూక్ష్మ మేమియు కాదు, ఉద్యోగము. వారి యజమాని బీవర్‌బ్రూకు అప్పటికి చర్చిల్ మంత్రివర్గములో విమాన నిర్మాణ శాఖ మంత్రి. సహమంత్రులను తిట్టిన పుస్తకము తన కొలువులోనివారిదని బయటపడినచో ఆయనకును తలవంపులే. గ్రంథకర్త యెవరన్న ఊహలు బీవర్‌బ్రూకు వరకును పోయెను. ఆ పుస్తకపు రాబడితోనే తాను హాయిగ బ్రదుకుచున్నానని ఆయన హాలిఫాక్సుతో పరిహాసమాడినట్లు ఫుట్ చెప్పుచుండెడివాడు.

పుస్తకము తొలిపుటలలో నాటకమునందు పాత్రల పట్టికవలె పదునైదు పేర్లు వరుసగ నుండెను. చేంబర్లేను, సైమను, హోర్, మాక్డొనాల్డు, బాల్డ్విను, హాలిఫాక్సు, కింగ్స్‌లీ వుడ్, ఎర్నెస్టు బ్రౌను, మార్గెసన్, హొరేసు విల్సను, ఇన్స్‌కిప్, బర్గిన్, స్టాన్‌హోప్, మారిసన్, డార్మన్-స్మిత్. ఇంగ్లండు పౌరుడు ఈ పేర్లను 1940లో కోపముతో చదివి యుండును. భారతీయునకు మాత్రము వీనిలో కొన్ని చిరపరిచితములు.

హాలిఫాక్సు అనగా ఎవరో కాదు. 1926 మొదలు 1931 వరకు వైస్రాయిగ నున్న ఇర్విను ప్రభువే. ఉప్పుసత్యాగ్రహమున వేలకొలది జనులు జైళ్లకు పోయినది ఆయన యేలుబడిలో. 1931 మార్చి 5న గాంధీమహాత్మునితో ఒడంబడిక చేసికొన్నదియు ఆయనయే. 1937 నవంబరులో ఆయన హిట్లరును చూడబోయి, కారు దిగుచు ఎదుట నిలిచినవానిని బంట్రోతనుకొని చేతి కోటు అందీయబోయెనని, ప్రక్కవారు హెచ్చరింపగా సర్దుకొనెనని ప్రసిద్ధి. సైమను సంగతి తెలుగువారికి చెప్పనక్కరలేదు. 1928 ఫిబ్రవరి 3న ఆయన సంఘము బొంబాయిలో దిగిన దినముననే మద్రాసులో హర్తాళము జరుగగా, పోలీసు కాల్పుల నడుమ టంగుటూరి ప్రకాశముగారు గుండె చూపి నిలిచిరి. ఆ సైమనే 1931 మొదలు విదేశాంగమంత్రియై మంచూరియాను జపాను కబళించుచుండ చూచుచు నుండెను. 1937 నుండి ఆర్థికమంత్రియై సైన్యమునకు ధనము విదల్చుటలో లోభము చూపెను. శామ్యూల్ హోర్ 1931–35 మధ్య ఇండియా మంత్రి, 1935 రాజ్యాంగ చట్టమునకు కర్త. ఆ యేడాదియే విదేశాంగమంత్రియై, అబిసీనియాలో అధికభాగమును ఇటలీకి ధారపోయుటకు ఫ్రాన్సు ప్రధాని లవాలుతో రహస్యముగ ఒప్పుకొని, గుట్టు బయటపడి రాజీనామా యిచ్చెను. ఆరు నెలలకు మరల మంత్రి యయ్యెను.

ఈ మువ్వురును భారతదేశముతో వ్యవహరించిన తీరునకును, హిట్లరుతో వ్యవహరించిన తీరునకును గల తేడా గమనింపదగినది. ఇచ్చట స్వరాజ్యము కోరినవారికి సంఘములు, నివేదికలు, విచారణలు, ఏండ్ల తరబడి జాప్యము. అచ్చట కత్తి చూపినవానికి కోరినదెల్ల కొలది గంటలలో. కేటో ఈ పోలిక తేలేదు. ఆంగ్ల పాఠకునికి అది పట్టలేదు గాబోలు. కాని 1940లో మద్రాసులోనో, నాగపురములోనో ఆ పట్టిక చదివినవానికి ఇది తోపకుండునా?

అసలు ఈ యుద్ధమున భారతదేశపు సమ్మతి నడిగినవారు లేరు. 1939 సెప్టెంబరు 3న వైస్రాయి లిన్‌లిత్‌గో తానొక్కడే ప్రకటన చేసి నలుబదికోట్ల జనులను యుద్ధములో దింపెను. రాయపురమునుండి బిలాసపురము పోవు బాటపై నున్న ధర్సీవా రైతునకైనను, గోదావరి లంకలలోని రైతునకైనను ఆ ప్రకటనలో పాలు లేదు. దానిని నిరసించి కాంగ్రెసు మంత్రివర్గములు దిగిపోయెను: మద్రాసులో అక్టోబరు చివర రాజాజీ, మధ్యపరగణాలలో నవంబరున రాయపురపు రవిశంకర శుక్లా. తరువాత గవర్నర్లే పాలించిరి. కావున ఇంగ్లండునందు తప్పు పట్టుటకు మంత్రులైన నుండిరి; ఇచ్చట తప్పు మోయుటకు జనులెన్నుకొన్న మంత్రి యొక్కడును లేడు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్టణముపైనను, కాకినాడపైనను జపాను బాంబులు పడినపుడు రక్షణలేమికి ఎవరిని అడుగవలెనో తెలియని స్థితి.

పట్టికలో పదవ పేరు మంత్రిది కాదు. హొరేసు విల్సను ప్రభుత్వోద్యోగి. కార్మికశాఖలో పైకి వచ్చి, 1935లో ప్రధానమంత్రి కార్యాలయమునకు సలహాదారుగ పోయి, చేంబర్లేనునకు నీడయై, 1939లో ఖజానా శాఖకు శాశ్వత కార్యదర్శియు, సివిల్ సర్వీసు కంతకును పెద్దయు నయ్యెను. 1938 సెప్టెంబరున చేంబర్లేను సందేశము తీసికొని హిట్లరు వద్దకు పోయినవాడీయనయే. కేటో ఆయనను తెర వెనుకనుండి నడిపిన మాంత్రికునిగ చిత్రించెను. మంత్రికి సభ కలదు, పత్రిక కలదు, కోపము వచ్చిన తానును ఒక పుస్తకము వ్రాయవచ్చును. ఉద్యోగి నోరెత్తరాదు. విల్సను నోరెత్తలేదు. చర్చిల్ వచ్చుటతోడనే ప్రధాని గృహములోని గది ఖాళీచేయవలసివచ్చెను; 1942లో అరువదవయేట విరమించెను; 1972లో మరణించువరకు స్మృతిగ్రంథ మేదియు వ్రాయలేదు. ఆయన యిచ్చిన సలహా మంచిది కాదన్నది చరిత్రకారులలో పెక్కుర మతము. అయినను సలహా యిచ్చినవానిని, దానిని పాటించి సంతకము పెట్టినవానిని ఒకే బోనులో నిలుపుట న్యాయమా యన్నది వేరు ప్రశ్న. సచివాలయములలో దస్త్రము నడిపినవారికి ఈ ప్రశ్న బరువు తెలియును.

పట్టికలో లేనివారి మాట మరియొకటి. పదియేండ్లవరకు పెద్ద యుద్ధము రాదని యెంచి సైన్యవ్యయము లెక్కవేయవలెనన్న నియమము 1919లో పుట్టెను; దానిని 1928లో ఏటేట తనంత తానే పొడిగింపబడునట్లు చేసినది ఆర్థికమంత్రిగ నుండిన చర్చిల్. కేటో ఆయనను తాకలేదు. 1939 ఏప్రిల్‌లో నిర్బంధ సైనికసేవకు వ్యతిరేకముగ ఓటు వేసిన లేబరు పక్షమును తాకలేదు. యుద్ధము రాదు, రానేరదని 1938లో పుటలకెక్కించిన పత్రికలు బీవర్‌బ్రూకువి. వానిలో జీతము తీసికొన్నవారే ఈ ముగ్గురు! పేరు బయటపెట్టి వ్రాసియున్నచో ఈ మాట వారి నప్పుడే అడుగువారుందురు. పేరు లేనందున కేటోకు పూర్వచరిత్ర లేదు. అంతటి శుభ్రమైన గొంతు నిజమైన మనుష్యునికి దొరకదు.

అట్లని ఆ పుస్తకమున అసత్యములు పోసిరనరాదు. ఉటంకించిన ఉపన్యాసములు సభాకార్యక్రమములలో ఉన్నవే. చేంబర్లేను తరపున వాదించిన చరిత్రకారులు తరువాత వచ్చిరి: 1938లో దేశము యుద్ధమునకు సిద్ధముగ లేదనియు, ఆ వ్యవధిలో విమానబలము పెరిగినదనియు, జనులే శాంతి కోరిరనియు చూపిరి. అవి నిలువదగిన వాదములే. కాని చేంబర్లేను వాని నేవియు వినకుండగనే 1940 నవంబరు 9న క్యాన్సరుతో మరణించెను. మాక్డొనాల్డు 1937లోనే గతించియుండెను. పట్టికలో చేరునాటికి బదులు చెప్పుటకు ఆయన లేడు. కన్సర్వేటివుల పక్షమున క్వింటిన్ హాగ్ తన పేరుతోనే ఎదురుపుస్తకము వ్రాసెను. అది వెలువడునప్పటికి 1945. ఆ యేటి ఎన్నికలలో లేబరు గెలిచెను. గొలాంజ్ ఈలోగా కాషియస్, గ్రాకస్, సెల్టికస్ అను రోమను పేర్ల మరుగున మరికొన్ని పుస్తకములు వదలెను. వానిలో కాషియస్ మరల ఫుట్టే, సెల్టికస్ అనురిన్ బెవాన్.

ముగ్గురు రచయితల దారులు మూడు విధములయ్యెను. హోవర్డు నైతిక పునరాయుధీకరణోద్యమములో చేరి దాని నాయకుడై 1965లో మరణించెను. ఓవెన్ 1944లో మౌంట్‌బాటెన్ కోరికపై కలకత్తా వచ్చి, బర్మా యుద్ధరంగపు సైనికులకై దినపత్రిక నడపెను. ఫుట్ లేబరు పక్షమునకు 1980 నుండి 1983 వరకు నాయకుడుగ నుండి, 2010లో దీర్ఘాయుష్మంతుడై గతించెను. ఆయన యౌవనమునుండియు కృష్ణమీననునకు మిత్రుడు, ఇండియా లీగునకు ఆప్తుడు. విధి చిత్రమైనది. 1962లో చైనా దాడియందు భంగపడి రక్షణమంత్రి మీనన్ పదవి వీడినపిదప, 1968లో డి. ఆర్. మాంకేకర్ వెలువరించిన గ్రంథమునకు ఫుట్ మొదలైనవారు వాడిన ఆ ‘దోషులు’ అన్న పేరే వచ్చెను. మాంకేకర్ మాత్రము తన పేరు దాచలేదు.

ఇక దోషులనిపించుకొన్నవారి గతి యేమయ్యెను? ఒక్కరినైనను విచారించినది లేదు. సైమను లార్డ్ చాన్సలరయ్యెను. హోర్ స్పెయినునకును, హాలిఫాక్సు అమెరికాకును రాయబారులుగ పోయిరి. మార్గెసన్ యుద్ధశాఖ మంత్రియై, 1942 ఫిబ్రవరిలో సింగపూరు పడినపిదపనే దిగెను. పట్టికలో చివరి పేరు రెజినాల్డ్ డార్మన్-స్మిత్. వ్యవసాయమంత్రిగ నుండి కేటో కోపమునకు పాత్రుడైన ఈయనను 1941 మేలో బర్మాకు గవర్నరుగ పంపిరి. ఇంగ్లండు వీథులలో రెండు లక్షల ప్రతులుగ అమ్ముడుపోయిన అభియోగమునకు లభించిన ఫలము ఇది: స్వదేశమున పనికిరాడన్నవాడు వలసదేశమునకు పనికివచ్చెను.

బర్మా అనగా తెలుగువారికి పరదేశము కాదు. కోరంగి రేవునుండి ఓడలెక్కి పోయినందున అచ్చట వారికి కోరంగీలన్న పేరే నిలిచెను. 1931 జనాభా లెక్కలనాటికి బర్మాలో తెలుగు మాటలాడువారు లక్షకు మించియుండిరి. రంగూను రేవులో మూటలు మోసినవారు, వడ్లమిల్లులలో చెమటోడ్చినవారు, వీథులూడ్చినవారు, రిక్షాలు లాగినవారు పెక్కురు వీరే. 1937 ఏప్రిల్ 1న బర్మా ఇండియానుండి వేరుపడెను. ఆ వేర్పాటు హోర్ తెచ్చిన 1935 చట్టము ఫలము. కనుక ఒక ‘దోషి’ గీసిన సరిహద్దులో మరియొక ‘దోషి’ యేలుబడిలో వీరుండిరి.

1941 డిసెంబరు 23న రంగూనుపై జపాను బాంబులు పడెను. రేవులోనను, వీథులలోనను వేయిమందికి మించి చనిపోయిరి. వారిలో కూలివారే హెచ్చు. బ్రదికినవారు మూటలు నెత్తినిడుకొని ప్రోము బాట పట్టగా, రేవుపని నిలిచిపోవునని వారిని ఆపి పెక్కురను వెనుకకు మరలించిరి. మరలినవారు రెండు నెలలకు మరల బయలుదేరవలసివచ్చెను. అప్పటికి ఓడలు తరిగెను, ఎండలు ముదిరెను. ఫిబ్రవరి ఆఖరున ఖాళీయైన గవర్నరు భవనములో డార్మన్-స్మిత్ కడపటి విందు చేసి, బిలియర్డు బంతులతో పూర్వపు గవర్నర్ల చిత్రపటములను పగులగొట్టించెనన్న ఉదంతమును మారిస్ కాలిస్ వ్రాసెను. మార్చి 8న రంగూను జపానువారి పాలయ్యెను. గవర్నరు ఉత్తరమున మిచ్చినా చేరి, అచ్చటినుండి విమానములో ఇండియాకు వచ్చి, సిమ్లాలో ప్రవాస ప్రభుత్వము నడపెను.

సుమారు అయిదు లక్షల భారతీయులు బర్మా విడిచివచ్చిరని లెక్క. టాంగప్ కనుమ దాటి అరకాను మీదుగ కొందరు, తమూ మీదుగ మణిపురమునకు కొందరు, హుకాంగ్ లోయ బురదలో కొందరు నడచిరి. కలరాకు, మలేరియాకు, ఆకలికి వేలకొలది బలియైరి. తెల్లవారికొక బాట, నల్లవారికొక బాట కేటాయించిరన్న ఆరోపణ అప్పుడు దేశమెల్ల మారుమ్రోగెను. 1942 వేసవిలో అలహాబాదున కూడిన అఖిలభారత కాంగ్రెసు సంఘము ఆ పక్షపాతమును తీర్మానమున నిరసించెను. రంగూను పతనమునకు యుద్ధబలహీనత సేనానులది, లండను మంత్రులది. ఆ భారమెల్ల గవర్నరుపై మోపుట సరికాదు. కాని ప్రోము బాటపై జనులను వెనుకకు త్రిప్పినది ఆయన ప్రభుత్వమే. ఆ దారిన పోయిన ప్రాణములకు బాధ్యులెవరని పట్టిక వేసి, రెండున్నర షిల్లింగులకు బండ్లపై అమ్మిన పుస్తక మేదియు రాలేదు.

1945 అక్టోబరున డార్మన్-స్మిత్ గవర్నరుగనే రంగూనునకు తిరిగివచ్చి, 1946 జూన్ వరకు ఉండెను. కాలినడకను స్వదేశము చేరిన కోరంగీలలో పెక్కురు ఆ రేవును మరల చూడలేదు.